ఓడినవాళ్లు ఏమయ్యారు? బ్రిటిష్ ఎన్నికల మర్నాటి చరిత్ర

బ్రిటన్‌లో ప్రభుత్వం మారడానికి ఒక్క పూట చాలు. గురువారం పోలింగు, ఆ రాత్రంతా లెక్కింపు, శుక్రవారం మధ్యాహ్నానికి 10 డౌనింగ్ స్ట్రీట్ గుమ్మం ముందు కొత్త ప్రధాని ప్రసంగం. 2024 జూలై 5న అచ్చం అలాగే జరిగింది. పొద్దున రిషి సునాక్ రాజుగారికి రాజీనామా ఇచ్చి వచ్చాడు, మధ్యాహ్నం కియర్ స్టార్మర్ ఆ ఇంట్లో కాలుపెట్టాడు. అమెరికాలో ఓడిన అధ్యక్షుడు జనవరి దాకా కూర్చుంటాడు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

ఆ రోజు కెమెరాలన్నీ గెలిచినవాడి వెంటే పరుగెడతాయి. కానీ నూటయాభై ఏళ్లు వెనక్కి తిరిగి చూస్తే నన్ను ఆకట్టుకునేది రెండో పక్క. ఓడిన నాయకుడు ఉన్నాడా, దిగాడా? దిగితే ఎప్పుడు? అతని వారసుణ్ణి ఎంచుకునే ఓటు ఎవరి చేతిలో ఉంది? అసలు ఎంచుకోవడానికి సభలో ఎవరు మిగిలారు? పదేళ్ల తర్వాత దేశాన్ని ఏలేది ఎవరో చాలాసార్లు ఈ ప్రశ్నల దగ్గరే తేలిపోయింది. మన స్వాతంత్ర్యం కథలోనూ అలాంటి మలుపు ఒకటుంది, దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ప్రతిపక్షానికి రాజముద్ర పడింది ఒక వేళాకోళంతో. 1826లో జాన్ కామ్ హాబ్‌హౌస్ అనే ఎంపీ సభలో 'రాజుగారి ప్రతిపక్షం' అని చమత్కరించాడు. సభ నవ్వింది. మాట మాత్రం ఉండిపోయింది. రాజుగారి ప్రభుత్వాన్ని తిడుతూనే రాజభక్తులుగా ఉండవచ్చన్న భావం అప్పటికి కొత్తే. అయినా ఓడినవాడు వెంటనే దిగిపోవాలన్న నియమం ఇంకా పుట్టలేదు. ఓడిన ప్రధాని కొత్త పార్లమెంటు కూడేదాకా పదవిలోనే ఉండి, సభలో ఓటింగు పోగొట్టుకున్నాకే తప్పుకునేవాడు. 1868లో కన్జర్వేటివ్ ప్రధాని డిజ్రేలీ ఆ పద్ధతి తెంచేశాడు. ఫలితాలు చూసి, సభ ముఖం చూడకుండానే రాజీనామా చేశాడు. విక్టోరియా రాణి కబురు అందే వేళకు గెలిచిన లిబరల్ నేత గ్లాడ్‌స్టన్ తన హవార్డెన్ ఎస్టేటులో గొడ్డలి పట్టి చెట్టు కొడుతున్నాడు. నేటి శుక్రవారం మధ్యాహ్నపు తంతుకు మూలం అదే.

ఆ గ్లాడ్‌స్టనే ఆరేళ్ల తర్వాత ఓడి, 1875లో లిబరల్ నాయకత్వం వదిలేశాడు. దిగువ సభ కామన్స్‌లో పార్టీ పగ్గాలు హార్టింగ్టన్ ప్రభువుకు వెళ్లాయి. 1880 ఎన్నికల్లో మాత్రం ఊరూరా ప్రచారం చేసి పార్టీని గెలిపించింది గ్లాడ్‌స్టనే. ఆయనంటే గిట్టని రాణి పద్ధతి ప్రకారం హార్టింగ్టన్‌ను పిలిచింది. తనవల్ల కాదన్నాడు హార్టింగ్టన్. పేరుకు నాయకుడు ఒకడు, నిజానికి నాయకుడు మరొకడు అయినప్పుడు రాజ్యాంగం కూడా రెండోవాడికే తలవంచాల్సి వచ్చింది. గ్లాడ్‌స్టన్ మళ్లీ ప్రధాని అయ్యాడు.

నాయకుడే సొంత నియోజకవర్గంలో ఓడితే? 1906లో బాల్ఫోర్‌కు ఆ గతే పట్టింది. అప్పటికి కొన్ని వారాల ముందు దాకా ప్రధాని. మాంచెస్టర్ ఓటర్లు ఇంటికి పంపారు. ఆయన కన్జర్వేటివ్ పక్షానికి 156 సీట్లు మిగిలాయి. లండన్‌లో ఒక సభ్యుణ్ణి తప్పించి, ఉప ఎన్నికలో ఆయన్ను వెనక్కి తెచ్చుకున్నారు. 1910లో మరో రెండు ఎన్నికలు పోయాక, 1911లో పార్టీలో సణుగుడు భరించలేక తప్పుకున్నాడు. వారసత్వానికి ఆస్టెన్ చాంబర్లేన్, వాల్టర్ లాంగ్ ఢీకొని, ఒకరికొకరు అడ్డంపడి, ఇద్దరూ విరమించుకుంటే ఎవరూ పెద్దగా ఊహించని బోనార్ లా నాయకుడయ్యాడు. 1918లో ఇదే దెబ్బ లిబరల్ నేత యాస్క్విత్‌కూ తగిలింది. ఎనిమిదేళ్లకు పైగా దేశాన్ని ఏలిన మనిషి ఈస్ట్ ఫైఫ్‌లో ఓడి, 1920లో పైజ్లీ ఉప ఎన్నిక గెలిచేదాకా సభ బయటే ఉన్నాడు. లిబరల్ పార్టీ పతనానికి కారణాలు ఎన్నో చెబుతారు, ఆ ఏడాది పైచిలుకు శూన్యాన్నీ అందులో కలపాలని నా అభిప్రాయం.

లిబరళ్లు ఖాళీ చేసిన బెంచీల మీదికి లేబర్ వచ్చింది. 1922లో 142 సీట్లతో తొలిసారి అధికార ప్రతిపక్షం. ఎన్నికలకు పార్టీని నడిపించింది జె.ఆర్. క్లైన్స్ అనే మాజీ మిల్లు కార్మికుడు. సీట్లు రెట్టింపు పైగా పెంచిన నాయకుణ్ణి ఎవరైనా అట్టే పెట్టుకుంటారు. లేబర్ ఎంపీలు మాత్రం సభలోకి అప్పుడే తిరిగొచ్చిన రామ్సే మెక్‌డొనాల్డ్‌ను 61–56 ఓట్లతో ఎన్నుకున్నారు. ఆ అయిదు ఓట్లు పద్నాలుగు నెలల్లో ప్రధాని పదవిగా మారాయి. 1924 జనవరి 22న మెక్‌డొనాల్డ్ తొలి లేబర్ ప్రధాని అయ్యాడు.

ఆ తర్వాత ఏడేళ్లకు 1931. ఆర్థిక సంక్షోభంలో మెక్‌డొనాల్డ్ సొంత పార్టీని వదిలి కన్జర్వేటివ్‌లతో కలిసి 'జాతీయ ప్రభుత్వం' కట్టాడు. లేబర్ ఆయన్ను వెలివేసింది. అక్టోబరు 27న ఎన్నికలు. జాతీయ ప్రభుత్వానికి 554 సీట్లు, లేబర్ పక్షాన మిగిలింది 52. నాయకుడు ఆర్థర్ హెండర్సన్ ఓడాడు. క్లైన్స్ ఓడాడు. హెర్బర్ట్ మారిసన్, ఆర్థర్ గ్రీన్‌వుడ్, హ్యూ డాల్టన్, పార్టీకి రేపటి నాయకులని పేరున్న వాళ్లంతా ఓడారు. పాత కేబినెట్ నుంచి తిరిగొచ్చినవాడు ఒక్క జార్జ్ లాన్స్‌బరీ, డెబ్బై దాటిన శాంతివాది. ఆయన పక్కన కూర్చునేందుకు మిగిలిన ఇద్దరిలో ఒకడు బ్రిస్టల్ నుంచి 429 ఓట్లతో గట్టెక్కిన స్టాఫర్డ్ క్రిప్స్. రెండోవాడు తూర్పు లండన్‌లోని లైమ్‌హౌస్ నుంచి 551 ఓట్లతో బయటపడిన క్లెమెంట్ అట్లీ.

అట్లీ అప్పటికి పెద్దగా ఎవరి నోటా నానని పేరు. మన వాళ్లకు మాత్రం పరోక్షంగా తెలుసు. 1928 ఫిబ్రవరిలో మద్రాసు హర్తాళ్లో పోలీసు తుపాకులకు టంగుటూరి ప్రకాశం పంతులు రొమ్ము చూపారే, ఆ సైమన్ కమిషన్‌లో అట్లీ ఒక సభ్యుడు. 'గో బ్యాక్' అని జనం కేకలు పెట్టిన ఏడుగురిలో ఒకడు. భారతదేశపు వ్యవహారం ఆయనకు వంటబట్టింది ఆ కమిషన్ పనిలోనే.

యాభై మందితో అయిదువందల మందిని ఎదుర్కోవడమంటే రోజూ ప్రతి బిల్లు మీదా ఈ ముగ్గురిలో ఎవరో ఒకరు లేచి మాట్లాడాల్సిందే. తెలిసిన విషయమైనా తెలియని విషయమైనా తప్పదు. అట్లీ ఉపనాయకుడయ్యాడు. లాన్స్‌బరీ కాలు విరిగి మంచం పట్టినప్పుడు 1934లో నెలల తరబడి నాయకత్వం ఆయన మీదే పడింది. 1935 అక్టోబరులో అబిసీనియా మీద ఇటలీ దాడి వేళ, లాన్స్‌బరీ శాంతివాదాన్ని పార్టీ మహాసభలో కార్మిక సంఘ నేత ఎర్నెస్ట్ బెవిన్ చీల్చి చెండాడాడు. లాన్స్‌బరీ తప్పుకున్నాడు. ఎన్నికలు నెత్తిమీదికి వచ్చాయి. తాత్కాలికంగా అట్లీని కూర్చోబెట్టారు.

నవంబరు ఎన్నికల్లో లేబర్ 154కు పెరిగింది. మారిసన్, అంతకుముందే ఉప ఎన్నికలో వచ్చిన గ్రీన్‌వుడ్, అందరూ మళ్లీ సభలో ఉన్నారు. మొదటి విడత ఓటింగులో అట్లీకి 58, మారిసన్‌కు 44, గ్రీన్‌వుడ్‌కు 33. రెండో విడతలో అట్లీ 88, మారిసన్ 48. లండన్ నగర పాలక మండలిని గెలిచి చూపించిన మారిసన్ ఎందుకు ఓడాడు? కష్టకాలంలో తమ పక్కన కూర్చున్న మనిషికే పాత ఎంపీలు ఓటేశారు కాబట్టి. 1931లో లైమ్‌హౌస్‌లో ఓ మూడువందల మంది ఓటర్లు అటు నుంచి ఇటు మొగ్గి ఉంటే అట్లీ ఈ పోటీలోనే ఉండేవాడు కాదు. అలా అయితే భారత స్వాతంత్ర్యం ఆగిపోయేదని కాదు, దాన్ని ఏ లండన్ ప్రధానీ ఎల్లకాలం ఆపలేడు. కానీ 1947 ఫిబ్రవరి 20న కామన్స్‌లో నిలబడి, 1948 జూన్ లోగా అధికారం బదిలీ చేస్తామని తేదీ కట్టి చెప్పింది అట్లీ. 1942లో ఒకసారి, 1946 కేబినెట్ మిషన్‌తో ఇంకోసారి మన దేశం వచ్చినవాడు క్రిప్స్. ఆ ఇద్దరూ 1931 శిథిలాల్లోంచి నడిచొచ్చినవాళ్లే.

1945 కథ ఇంకా నాటకీయం. జూలై 5న పోలింగు. ప్రపంచమంతా చెల్లాచెదురుగా ఉన్న సైనికుల ఓట్లు చేరాలి కనుక లెక్కింపు జూలై 26న. లేబర్‌కు 393 సీట్లు. చర్చిల్ ఆ సాయంత్రమే రాజీనామా చేశాడు. మారిసన్ అప్పుడు కూడా ఊరుకోలేదు. కొత్త ఎంపీలంతా కూడి నాయకుణ్ణి ఎన్నుకున్నాకే రాజుగారి దగ్గరికి వెళ్లాలని పేచీ పెట్టాడు. బెవిన్ అడ్డుకుని, ఆలస్యం చేయకుండా ప్యాలెస్‌కు వెళ్లమని అట్లీని తొందరపెట్టాడు. భార్య వయొలెట్ తమ చిన్న కారు నడుపుతూ ఆయన్ను బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు తీసుకెళ్లింది. ఎంపీల సమావేశం తర్వాత జరిగింది, అప్పటికి ఆయన ప్రధాని. రెండు రోజులకే పోట్స్‌డామ్ శిఖరాగ్ర సమావేశంలో చర్చిల్ కుర్చీలో కూర్చున్నాడు.

యుద్ధం గెలిపించిన చర్చిల్ ఆ వయసులో హుందాగా విరమిస్తాడని చాలామంది అనుకున్నారు, కొందరు కన్జర్వేటివ్‌లు కోరుకున్నారు కూడా. ఆయన కదల్లేదు. సభకు సగం రోజులు రాడు, యుద్ధ స్మృతులు రాసుకుంటాడు, బొమ్మలు వేసుకుంటాడు, ఫుల్టన్ వెళ్లి ఇనుప తెర ప్రసంగం చేస్తాడు. రోజువారీ ప్రతిపక్షపు చాకిరీ ఆంథొనీ ఈడెన్‌ది. ఇండియా గురించి జీవితమంతా అడ్డంగా మాట్లాడిన ఈ మనిషి నాయకత్వంలోనే 1947 జూలైలో భారత స్వాతంత్ర్య బిల్లుకు కన్జర్వేటివ్‌లు అడ్డుపడకుండా తప్పుకున్నారు. 1950లో ఓడి, 1951లో గెలిచాడు, అదీ లేబర్‌కన్నా తక్కువ ఓట్లతో, ఎక్కువ సీట్లతో. ఓడినా పట్టు వదలక మళ్లీ గెలిచినవాళ్లు ఆ తర్వాత అరుదు. ప్రధానిగా ఓడినవాళ్లలో ఒక్క లేబర్ నేత విల్సన్ 1970లో ఓడి 1974లో తిరిగొచ్చాడు.

ఇక్కడ ప్రతిపక్ష నాయకుడంటే ఏమిటో నాలుగు మాటలు చెప్పుకోవాలి. 1937లో మంత్రుల జీతాల చట్టం చేసినప్పుడు ప్రతిపక్ష నాయకుడికీ ఏటా 2,000 పౌండ్లు రాశారు. ప్రభుత్వాన్ని దించడానికి ప్రయత్నించేవాడికి ప్రభుత్వమే జీతం ఇవ్వడం! తొలి జీతం అందుకున్నవాడు అట్లీ. 1975 నుంచి ప్రతిపక్ష పార్టీల పార్లమెంటరీ పనికి ప్రజాధనం ఇస్తున్నారు. నాటి సభానాయకుడు ఎడ్వర్డ్ షార్ట్ పేరు మీద దాన్ని షార్ట్ మనీ అంటారు. ప్రతి మంత్రికీ ఎదురుగా షాడో మంత్రి. బుధవారం ప్రధాని ప్రశ్నల వేళ ప్రతిపక్ష నాయకుడికి ఆరు ప్రశ్నలు, మూడో పెద్ద పార్టీ నాయకుడికి రెండు. ప్రజా పద్దుల కమిటీ అధ్యక్ష పదవి ఆనవాయితీగా ప్రతిపక్షానిదే. 2010 నుంచి సెలెక్ట్ కమిటీల అధ్యక్షులను విప్‌లు కాకుండా ఎంపీలే రహస్య ఓటుతో ఎన్నుకుంటున్నారు. ఎన్నికల తర్వాత సభ చేసే మొదటి పని స్పీకర్ ఎన్నిక, దానికి సభలో అందరికన్నా దీర్ఘకాలం ఎడతెగకుండా ఉన్న సభ్యుడు అధ్యక్షత వహిస్తాడు. 2024లో అప్పటి పెద్దాయన పీటర్ బాటమ్లీ ఎన్నికల్లో ఓడడంతో ఆ గౌరవం ఎడ్వర్డ్ లీకి వచ్చింది. 1983లోనే సభకొచ్చిన జెరెమీ కార్బిన్‌కు రాలేదు, లీ ఆయనకన్నా ముందు ప్రమాణం చేశాడు గనుక.

మళ్లీ కథలోకి. కన్జర్వేటివ్‌లకు 1965 దాకా నాయకుణ్ణి ఎన్నుకునే పద్ధతే లేదు. పెద్దలు గదుల్లో మాట్లాడుకునేవారు, ఒక పేరు 'తేలేది'. 1963లో అలా తేలిన పేరు హ్యూమ్ ప్రభువుది. ఆయన ప్రభుత్వాన్ని నడపడానికి ప్రభుపదవి వదులుకుని ఉప ఎన్నికకు నిలబడ్డాడు. ఆ కొద్దిరోజులు బ్రిటన్ ప్రధాని రెండు సభల్లో దేనిలోనూ సభ్యుడు కాడు. 1964లో స్వల్ప తేడాతో ఓడాక ఆయనే ఎంపీల ఓటు పద్ధతి తెచ్చి, 1965లో పక్కకు జరిగాడు. హీత్ 150, మాడ్లింగ్ 133, పావెల్ 15. నాయకుణ్ణి ఎంపీలే ఎన్నుకునే నియమం తెచ్చి, తానే పక్కకు జరిగిన హ్యూమ్‌ను చరిత్ర చిన్నచూపు చూసింది. అది అన్యాయం.

హీత్‌కు ఆ వివేకం లేదు. 1974లో రెండుసార్లు ఓడాడు. ఫిబ్రవరిలోనైతే లేబర్‌కన్నా ఎక్కువ ఓట్లు వచ్చినా నాలుగు సీట్లు తగ్గి, వారాంతమంతా లిబరల్ నేత థోర్ప్‌తో బేరాలాడి, సోమవారం దిగాడు. అక్టోబరులో మళ్లీ ఓడినా నాయకత్వం వదల్లేదు. పెద్ద నాయకులు విధేయతతో పోటీకి దిగలేదు. దిగినామె మార్గరెట్ థాచర్. 1975 ఫిబ్రవరి 4న ఆమెకు 130, హీత్‌కు 119. హీత్ తప్పుకున్నాడు. వారం తర్వాత, అప్పటిదాకా విధేయతతో ఆగిన వైట్‌లా మీద 146–79. హీత్ ఒక నెల ముందే గౌరవంగా తప్పుకుని ఉంటే ఆ కుర్చీ వైట్‌లాకే దక్కేదని నా నమ్మకం.

అలాగని ఓడినవాడు వెంటనే దిగడమే మంచిదా? తేల్చి చెప్పలేం. 1979లో ఓడిన క్యాలహాన్ పదిహేడు నెలలు కూర్చున్నాడు, డెనిస్ హీలీకి దారి చదును చేయాలని. ఈలోగా పార్టీలో వామపక్షం బలపడింది. 1980లో మైకేల్ ఫుట్ 139–129తో హీలీని ఓడించాడు. 1981లో నాయకుణ్ణి ఎన్నుకునే హక్కు ఎంపీల చేతిలోంచి పోయింది: కార్మిక సంఘాలకు 40 వంతులు, ఎంపీలకు 30, నియోజకవర్గ సంఘాలకు 30. నలుగురు మాజీ మంత్రులు విడిపోయి సోషల్ డెమొక్రాటిక్ పార్టీ పెట్టారు. 1983లో లేబర్‌కు 27.6 శాతం ఓట్లు, 209 సీట్లు. కొత్త పార్టీ, లిబరళ్ల కూటమికి 25.4 శాతం ఓట్లొచ్చినా సీట్లు 23. ఓట్లలో లేబర్ ఆనాడు మూడో స్థానానికి జారకుండా కొద్దిలో తప్పించుకుంది. ఫుట్ తర్వాత వచ్చిన కినక్ తొమ్మిదేళ్లు ఇల్లు చక్కదిద్ది, రెండు ఎన్నికలు ఓడి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చిన జాన్ స్మిత్ 1994లో హఠాత్తుగా చనిపోయాడు. ఫలం టోనీ బ్లెయిర్ తిన్నాడు.

1997 మే 1 కన్జర్వేటివ్‌లకు 1931 లాంటిది. 165 సీట్లు మిగిలాయి. జాన్ మేజర్ మర్నాడే తప్పుకుంటానని చెప్పి క్రికెట్ చూడటానికి వెళ్లాడు. వారసుడని అందరూ అనుకున్న మైకేల్ పోర్టిల్లో ఎన్‌ఫీల్డ్ సౌత్‌గేట్‌లో 1,433 ఓట్లతో ఓడాడు. మిగిలినవాళ్లలో ఎంపీలు 36 ఏళ్ల విలియం హేగ్‌ను ఎన్నుకున్నారు. ఆయన చివరి మాట సాధారణ సభ్యులకు అప్పగించే నియమం తెచ్చాడు, 2001లో ఓడి మర్నాడే రాజీనామా చేశాడు. అప్పటికి ఉప ఎన్నికలో తిరిగొచ్చిన పోర్టిల్లో ఎంపీల ఆఖరి విడతలో ఒక్క ఓటు తక్కువై పోటీ నుంచి తొలగిపోయాడు: క్లార్క్ 59, ఇయన్ డంకన్ స్మిత్ 54, పోర్టిల్లో 53. సభ్యులు డంకన్ స్మిత్‌ను గెలిపించారు. ఎంపీల్లో మూడోవంతు మద్దతే ఉన్న నాయకుణ్ణి రెండేళ్లు దాటగానే ఎంపీలే 90–75తో దించేశారు.

2005లో మైకేల్ హోవర్డ్ చేసిన పని నాకు నచ్చుతుంది. ఓడిన మర్నాడే వెళ్తానన్నాడు, కానీ డిసెంబరు దాకా ఉన్నాడు. ఇంటి పెద్ద పోయాక పెద్దకర్మ అయ్యేదాకా పంపకాల మాట ఎత్తకూడదన్న మర్యాద లాంటిదే ఇది. ఆ నెలల్లో కుర్రవాళ్లైన కామెరాన్, ఓస్బోర్న్‌లకు షాడో కేబినెట్‌లో పెద్ద బాధ్యతలిచ్చాడు. అక్టోబరులో బ్లాక్‌పూల్ మహాసభలో కాగితం చూడకుండా మాట్లాడి కామెరాన్ పోటీ దిశే మార్చేశాడు. మే నెలలోనే ఓటు పెట్టి ఉంటే అప్పటికి ముందంజలో ఉన్న డేవిడ్ డేవిస్ గెలిచేవాడని నా అంచనా.

2010లో హంగ్ పార్లమెంటు, అయిదు రోజుల బేరాలు, గోర్డన్ బ్రౌన్ నిష్క్రమణ, అన్నను దాటి ఎడ్ మిలిబాండ్ గెలుపు, ఇవన్నీ ఇటీవలివే. 2015 మే 8న ఒక్క రోజే మిలిబాండ్, లిబరల్ డెమొక్రాట్ల క్లెగ్, యూకిప్ నేత ఫరాజ్ రాజీనామా చేశారు. ఫరాజ్‌ను పార్టీ వెళ్లనివ్వలేదు. లేబర్‌లో చర్చ విశాలంగా ఉండాలన్న సదుద్దేశంతో కొందరు ఎంపీలు, తాము ఓటేయబోమని తెలిసే, జెరెమీ కార్బిన్ పేరు ప్రతిపాదించారు. కావలసింది 35 సంతకాలు, వచ్చింది 36. మూడు పౌండ్లు కట్టిన ప్రతివాడికీ ఓటున్న ఎన్నికలో 59.5 శాతంతో ఆయన గెలిచాడు. మరుసటి ఏడాది ఎంపీలు 172–40తో అవిశ్వాసం ప్రకటించినా సభ్యులు మళ్లీ ఆయన్నే గెలిపించారు. సభలో తన వెనుక కూర్చున్నవాళ్లే నమ్మని నాయకుడు సభలో ఎలా పనిచేస్తాడన్న ప్రశ్నకు ఇప్పటికీ ఏ పార్టీ దగ్గరా సరైన జవాబు లేదు. 2019 ఓటమి తర్వాత ఆయన 2020 ఏప్రిల్‌లో స్టార్మర్‌కు పగ్గాలిచ్చాడు.

2024లో కన్జర్వేటివ్‌లకు 121 సీట్లు, ఆ పార్టీ చరిత్రలోనే అతి తక్కువ. మాజీ ప్రధాని లిజ్ ట్రస్ 630 ఓట్లతో ఓడింది. సునాక్ హోవర్డ్ బాటలో నవంబరు దాకా ప్రతిపక్ష నాయకుడిగా ఉన్నాడు. నవంబరు 2న సభ్యుల ఓటులో కెమీ బేడనాక్ 53,806, రాబర్ట్ జెన్రిక్ 41,388. ఆమె బ్రిటన్‌లో ఒక పెద్ద పార్టీకి నాయకత్వం వహించిన తొలి నల్లజాతి వ్యక్తి.

1945 నుంచి నేటి దాకా ఎన్నికల్లో గెలిచి అధికారాన్ని అవతలి పార్టీ చేతిలోంచి తీసుకున్న నాయకులు ఎనిమిది మందే: అట్లీ, చర్చిల్, విల్సన్, హీత్, థాచర్, బ్లెయిర్, కామెరాన్, స్టార్మర్. వీళ్లలో అయిదుగురిని వాళ్ల పార్టీలు ఎన్నుకున్నది ఓటమి తర్వాత ఏడాది లోపే.